యూనిట్లు కాదు, మిల్లీగ్రాములు అడగండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇడ్లీ పిండి ఎక్కడ బావుంటుందని అడిగినంత తేలిగ్గా ఇప్పుడు బరువు తగ్గే ఇంజెక్షన్ గురించి అడుగుతున్నారు. ‘నువ్వు ఎన్ని యూనిట్లు వేసుకుంటున్నావ్?’ ‘ఇరవై.’ ‘అయితే నేనూ ఇరవై లాగుతా.’ మాట అంతటితో అయిపోతుంది. ఆ మాట పట్టుకుని సిరంజి నింపుకున్న మనిషి మూడు రోజులు వాంతులతో మంచం దిగకపోవచ్చు, ఎమర్జెన్సీకీ వెళ్లాల్సి రావచ్చు. ఆన్‌లైన్ డాక్టరు చేత చీటీ రాయించుకుని, కాంపౌండింగ్ ఫార్మసీ, అంటే చీటీ చూసి మందుని తనే కలిపి ఇచ్చే ఫార్మసీ, నుంచి చిన్న గాజు సీసాల్లో తెప్పించుకునే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ గురించి రాస్తున్నాను. అమెరికా గొడవ మనకెందుకని అనుకోవద్దు. ఇక్కడి పిల్లలు కొన్న సీసాలు గుంటూరులో, వరంగల్‌లో ఉన్న అమ్మానాన్నల ఫ్రిజ్ దాకా వెళ్తున్నాయి.

యూనిట్ అన్నది ఇన్సులిన్ కొలత. ఈ మందుకూ దానికీ సంబంధం లేదు. సిరంజి మీది గీతలు ఇన్సులిన్ కోసం గీసినవి. అమెరికాలో దొరికే మామూలు ఇన్సులిన్ సిరంజిలో నూరు యూనిట్లంటే ఒక మిల్లీలీటరు. కాబట్టి ఆ గీత ఎంత ద్రవం లాగామో చెబుతుందే తప్ప, అందులో మందెంతో చెప్పదు. మజ్జిగ పలచగా చేసినా చిక్కగా చేసినా గ్లాసు గ్లాసే, అందులో పెరుగు ఎంతన్నది మాత్రం వేరు. ఇదీ అంతే.

కాంపౌండింగ్ ఫార్మసీల సెమాగ్లూటైడ్ మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము, 2.5, 5, ఇలా రకరకాల చిక్కదనాల్లో వస్తుంది. ఎవరికైనా మొదటి నాలుగు వారాల మోతాదు వారానికోసారి 0.25 మిల్లీగ్రాము. ఆ 0.25 కోసం మొదటి రకం సీసాలోంచి 25 యూనిట్లు లాగాలి, రెండో రకంలోంచి 10, మూడో రకంలోంచి 5. మందు అదే, మోతాదు అదే, గీతలు మాత్రం మూడు. మొదటి సీసా వాడే ఆవిడ ‘ఇరవై అయిదు’ అని చెప్పిందని మూడో సీసా ఉన్నావిడ అంతే లాగితే 1.25 మిల్లీగ్రాములు ఒంట్లోకి వెళ్తాయి. మొదటి రోజే అయిదు రెట్లు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2024 జులైలో అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ సరిగ్గా ఈ విషయం మీదే హెచ్చరిక ఇచ్చింది. కాంపౌండెడ్ సెమాగ్లూటైడ్ సీసాలోంచి సొంతంగా లాగుకున్నవాళ్లలో కొందరు వేసుకోవాల్సిన దానికి 5 నుంచి 20 రెట్లు వేసుకున్నారని అందులో ఉంది. పేషెంట్లే కాదు, చీటీ రాసేవాళ్లూ పొరబడ్డారు. 0.25 మిల్లీగ్రాము, అంటే 5 యూనిట్లు రాయాల్సిన చోట 25 యూనిట్లని రాశారు ఒకరు. 0.25లోని అంకె చూసి చెయ్యి 25 వైపు పోయి ఉంటుంది. ఇంకొకరు 2 యూనిట్ల బదులు 20 రాస్తే ముగ్గురు పేషెంట్లు పదిరెట్లు వేసుకున్నారు. కంపెనీ అమ్మే ఇంజెక్షన్ పెన్నులో మోతాదు ముందే కొలిచి ఉంటుంది కనుక ఈ లెక్క చెయ్యాల్సిన అవసరం రాదు. సీసా, సిరంజి పద్ధతిలో మాత్రం ఫార్మసిస్టు చెయ్యాల్సిన లెక్క రాత్రి తొమ్మిదింటికి వంటింటి గట్టు దగ్గర నిలబడి మనం చేసుకుంటున్నాం.

లెక్క కష్టమైనదేం కాదు. డాక్టరు చెప్పిన మిల్లీగ్రాములను, సీసా మీద మిల్లీలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని రాసి ఉన్న అంకెతో భాగించి, నూరుతో గుణించాలి. 0.5 మిల్లీగ్రాము వేసుకోవాలి, సీసా మీద 2.5 ఉంది: 20 యూనిట్లు. టిర్జెపటైడ్ 2.5 మిల్లీగ్రాములు వేసుకోవాలి, సీసా మీద 10 ఉంది: 25 యూనిట్లు. ఆ సీసా మీదే 20 ఉంటే పన్నెండున్నర. మీకు వచ్చిన జవాబూ, ఫార్మసీ కాగితం మీది అంకే కలవకపోతే ఆ రోజు ఇంజెక్షన్ వేసుకోవద్దు. ఒక రోజు ఆలస్యమైతే ఏమీ కాదు. ఫార్మసీకి ఫోన్ చేసి ‘మిల్లీగ్రాముల్లో ఎంత, మిల్లీలీటర్లలో ఎంత, యూనిట్లలో ఎంత’ అని మూడూ చెప్పించుకుని సీసా డబ్బా మీద రాసి పెట్టుకోవాలి.

మూడో నెలలో వచ్చే పొరపాటు ఇంకోటి ఉంది. మొదటి రెండు నెలలు 2.5 సీసా వస్తుంది. మోతాదు పెరగబోతోందని, సీసా చిన్నదిగా ఉండాలని ఫార్మసీ 5 సీసా పంపుతుంది. లేదా ఆన్‌లైన్ సంస్థ ఫార్మసీనే మార్చేస్తుంది, ఆ సంగతి మనకు చెప్పకపోవచ్చు కూడా. ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్న పాత కాగితంలో ‘20 యూనిట్లు’ అని ఉంటుంది. కొత్త సీసాలోంచి ఆ ఇరవై లాగితే అర మిల్లీగ్రాము బదులు ఒక మిల్లీగ్రాము. కొత్త సీసా వచ్చినప్పుడల్లా పాత కాగితం చింపెయ్యండి.

సిరంజి కూడా చూసుకోవాలి. ఒక మిల్లీలీటరు ఇన్సులిన్ సిరంజిలో చాలావాటికి చిన్న గీత ఒక్కోటి 2 యూనిట్లు. 10 దాటి రెండు గీతలంటే 12 అనుకుంటారు, అది 14. 0.3 మిల్లీలీటరు సిరంజిలో గీత సాధారణంగా ఒక యూనిట్. 5 యూనిట్లు లాగాల్సినవాళ్లు చిన్న సిరంజే అడిగి తీసుకోవాలి. అంత తక్కువ ద్రవంలో ఒక యూనిట్ తప్పితే మోతాదులో అయిదోవంతు తప్పినట్టే. ఓ బుడగ మిగిలినా అంతే పోతుంది. సీసాని తలకిందులు చేసి, సూది మొన ద్రవంలో మునిగి ఉండేట్టు పట్టుకుని, గోటితో సిరంజిని తట్టి బుడగని పైకి పంపి, వెనక్కి నెట్టి మళ్లీ లాగాలి. రబ్బరు మూతని ఆల్కహాల్ దూదితో తుడిచి ఆరనివ్వడం, ప్రతిసారీ కొత్త సూది, బొడ్డుకి రెండంగుళాలు అవతల పొట్ట మీదో తొడ మీదో వారానికో చోట వెయ్యడం, ఇవి ఇన్సులిన్ వాడే ఇళ్లలో అందరికీ తెలిసినవే. సూదులు మాత్రం చెత్తబుట్టలో పడెయ్యకండి. బట్టల సబ్బు ద్రవం వచ్చే మందపాటి ప్లాస్టిక్ డబ్బా చాలు.

యూనిట్ల మాట ఎంత మోసకారో చూపే ఉదాహరణ ఒకటి. టిర్జెపటైడ్ తయారుచేసే కంపెనీయే జెప్‌బౌండ్ పేరుతో ఒక్క మోతాదు సీసాలు 2024 ఆగస్టులో అమెరికాలో నేరుగా అమ్మడం మొదలుపెట్టింది. ఆ సీసాలో ఉండేది అర మిల్లీలీటరు, మొత్తం లాగాలి. 2.5 మిల్లీగ్రాముల సీసా అయినా 10 మిల్లీగ్రాముల సీసా అయినా సిరంజి మీద యాభయ్యే. ‘నేను యాభై వేసుకుంటున్నా, ఏమీ కాలేదు’ అని ఒకాయన గ్రూపులో పెడతాడు. అది నిజమే. మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములున్న కాంపౌండెడ్ సీసా ఉన్నాయన మొదటి వారమే యాభై లాగితే మాత్రం 2.5 బదులు 10 మిల్లీగ్రాములు పడతాయి.

ఇక కాంపౌండెడ్ అంటే ఏమిటన్నది. దీన్ని జెనరిక్ అనుకునేవాళ్లే ఎక్కువ. హైదరాబాద్ చుట్టూ మందుల ఫ్యాక్టరీలు చూస్తూ పెరిగినవాళ్లకు జెనరిక్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు: అసలు మందుతో సమానంగా పనిచేస్తుందని చూపించి, ప్రభుత్వ అనుమతి తెచ్చుకుని, కంపెనీ తయారుచేసే మందు. కాంపౌండెడ్ మందుకి ఆ అనుమతి ఉండదు. ముడిమందు కొని, ఒక పేషెంటు పేరున వచ్చిన చీటీకి ఫార్మసీ కలిపి ఇచ్చేది అది. భద్రత, పనితనం, నాణ్యత ఏవీ ఎఫ్‌డీఏ అమ్మకానికి ముందు చూడదు. అమెరికాలో సెమాగ్లూటైడ్‌కి జెనరిక్ ఇంకా లేదు. వెగోవీ అన్నది కంపెనీ సెమాగ్లూటైడ్ పేరు, ‘జెనరిక్ వెగోవీ’ అని ప్రకటన కనిపిస్తే అక్కడే ఆగిపోవచ్చు. అలాంటి మాటలతో ప్రకటనలిచ్చిన ఆన్‌లైన్ సంస్థలకూ కాంపౌండర్లకూ ఎఫ్‌డీఏ 2025 సెప్టెంబరులో యాభైకి పైగా హెచ్చరిక లేఖలు పంపింది.

కాంపౌండింగ్ మొత్తం దొంగ వ్యాపారం అనడం కూడా తప్పే. మాత్ర మింగలేని పసివాడికి సిరప్ చేసివ్వడం, ఒక రంగు పడని మనిషికి ఆ రంగు లేకుండా మందు కలపడం, ఇవన్నీ కాంపౌండింగే. ఈ ఇంజెక్షన్లు అందులోకి రావడానికి కారణం కొరత. 2022లో సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ రెండూ ఎఫ్‌డీఏ కొరత జాబితాలో చేరాయి. కొరతలో ఉన్న మందుకి నకలు కలపడానికి చట్టం సందు ఇస్తుంది. ఆ సందులోంచే ఈ ఆన్‌లైన్ అంగళ్లన్నీ పుట్టుకొచ్చాయి. టిర్జెపటైడ్ కొరత తీరిందని 2024 డిసెంబరులో, సెమాగ్లూటైడ్ కొరత తీరిందని 2025 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ తేల్చింది. సర్దుకోవడానికి ఇచ్చిన గడువులు కూడా 2025 మేతో అయిపోయాయి. ఇప్పుడు కంపెనీ మందుకి నకలుగా, పెద్ద ఎత్తున కలపడానికి వీల్లేదు. ఈ పేషెంటుకి ఫలానా తేడా కావాలని డాక్టరు నిర్ణయించి రాసి ఉండాలి. అందుకే ఇప్పుడు బీ12 కలిపినవి, గ్లైసిన్ కలిపినవి, ‘మీకోసం ప్రత్యేకంగా’ అన్నవి కనబడుతున్నాయి. నిజంగా అవసరం ఉండి కలిపారా, నకలు అనిపించుకోకుండా కలిపారా అని డాక్టర్ని అడిగే హక్కు డబ్బు కట్టేవాళ్లకు ఉంది. బీ12 కలిపిన సీసా లేత ఎరుపులో ఉంటుంది, దానికి బెదరక్కర్లేదు. బీ12 లేదని రాసి ఉన్న సీసాకి రంగున్నా, మబ్బుగా ఉన్నా, నలకలు తేలుతున్నా వాడకూడదు.

ఫార్మసీల్లోనూ రెండు తరగతులున్నాయి. చట్టంలోని సెక్షన్ల పేరుతోనే 503ఏ, 503బీ అంటారు. 503ఏ అంటే రాష్ట్ర లైసెన్సుతో, పేరు రాసిన చీటీకి మందు కలిపే ఫార్మసీ. 503బీ అంటే ఎఫ్‌డీఏ దగ్గర నమోదై, ఫ్యాక్టరీ స్థాయి నిబంధనలు పాటిస్తూ, తనిఖీలకు లోబడి పెద్ద మొత్తాల్లో చేసే సంస్థ. ఈ రెండో తరగతి ఊరికే రాలేదు. 2012లో మసాచుసెట్స్‌లోని ఒక కాంపౌండింగ్ ఫార్మసీ పంపిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లలో బూజు చేరి, మెదడు పొరలకు ఇన్‌ఫెక్షన్ సోకి 60 మందికి పైగా చనిపోయారు. ఆ మరుసటి ఏడాది ఈ చట్టం వచ్చింది. ఇంకో తేడా కూడా తెలుసుకోవాలి: పేషెంటుకి హాని జరిగితే ఎఫ్‌డీఏకి తెలపాలన్న నిబంధన 503బీలకు ఉంది, 503ఏలకు లేదు. 2025 జులై చివరికి కాంపౌండెడ్ సెమాగ్లూటైడ్ మీద ఆరు వందలకు పైగా, టిర్జెపటైడ్ మీద అయిదు వందలకు పైగా ఫిర్యాదులు ఎఫ్‌డీఏకి చేరాయి. చేరనివి ఎన్నో లెక్కలోకి రావు. మీకేదైనా అయితే ఎఫ్‌డీఏ ఫిర్యాదుల పేజీ మెడ్‌వాచ్‌లో మీరే రాయొచ్చు, దానికి డాక్టరు అక్కర్లేదు.

ఆన్‌లైన్ డాక్టరు అంటే ఎదురుగా వీడియోలో కనబడే మనిషి అనుకుంటాం. చాలాచోట్ల అది ఒక ఫారం. ఎత్తు, బరువు, బీపీ, వాడే మందులు, పాత జబ్బులు నింపి, గుర్తింపు కార్డు ఫొటో పెడితే, ఆ రాష్ట్రంలో లైసెన్సున్న డాక్టరో, మందులు రాసే అర్హత ఉన్న నర్స్ ప్రాక్టీషనరో చూసి చీటీ రాస్తారు. కొన్ని రాష్ట్రాల్లో వీడియో తప్పనిసరి. ఫారంతో చీటీ రాయడమే నేరం కాదు గానీ, ఫారం ఎంత నిజమో చీటీ అంతే నిజం. మనవాళ్లు అబద్ధం రాసేది బరువు గడిలో. కంపెనీ మందు లేబుల్ ప్రకారం బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువుని చూపే అంకె, 30 ఉండాలి, లేదా 27 ఉండి బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, గురకతో ఊపిరాగడం లాంటిది ఒకటి ఉండాలి. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి 27 అంటే దాదాపు 76 కిలోలు, 30 అంటే 84. భారతీయుల శరీరతత్వానికి 25 దాటితేనే స్థూలకాయమని మన దేశంలో డాక్టర్లు లెక్కిస్తారు, ఆ లెక్క సబబే. కానీ 70 కిలోల మనిషి ఫారంలో 80 అని రాస్తే మోతాదులు పెంచుకుంటూ పోయే ఆ డాక్టరు, మీకు లేని బరువుని చూస్తూ పెంచుతాడు. పొట్ట ఉంది, షుగరు అంచున ఉంది అనుకుంటే మామూలు డాక్టరు దగ్గరికి వెళ్లి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) చేయించి అడగడమే దారి.

రెండో అబద్ధం మరిచిపోవడం వల్ల వస్తుంది. ‘షుగరుకి మెట్‌ఫార్మిన్’ అని రాస్తారు. ఇండియా నుంచి తెచ్చుకున్న ఆ మాత్రలో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ అనే ఇంకో షుగరు మందు కలిసి ఉంటుంది, ఆ మాట స్ట్రిప్ వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటుంది. గ్లిమెపిరైడ్ మీద ఈ ఇంజెక్షన్ పడితే షుగరు మరీ కిందికి పోయే ప్రమాదం ఉంది. దానికి తోడు ఆకలి లేదు కదా అని ఏకాదశి ఉపవాసం కూడా చేస్తే చెమటలు పట్టి కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందే గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ మోతాదులు తగ్గించాలా అని వాటిని రాసిన డాక్టర్ని అడగాలి. మీకు గానీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా గానీ మెడులరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే ఈ మందు వద్దు. క్లోమం వాపు ఒకసారి వచ్చినవాళ్లు దాచకుండా చెప్పాలి. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు టిర్జెపటైడ్ మొదలెట్టిన నాలుగు వారాలూ, మోతాదు పెంచిన ప్రతిసారీ ఇంకో నాలుగు వారాలూ వేరే జాగ్రత్త కూడా తీసుకోవాలి. పిల్లల కోసం అనుకుంటుంటే సెమాగ్లూటైడ్ కనీసం రెండు నెలల ముందే ఆపాలి. పంటికైనా కంటికైనా సరే, మత్తిచ్చి చేసే ఏ ఆపరేషన్‌కైనా ముందు ఈ ఇంజెక్షన్ సంగతి మత్తు డాక్టరుకి చెప్పాలి. తిన్నది కడుపులో మామూలు కంటే ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి.

కార్డు నంబరు ఇచ్చే ముందు ఆ సంస్థని రెండు ప్రశ్నలు అడగండి. మందు ఏ ఫార్మసీ నుంచి వస్తుంది? మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు? పేరు చెప్పడానికి నీళ్లు నమిలితే వదిలెయ్యండి. పేరు చెబితే మీ రాష్ట్ర ఫార్మసీ బోర్డు వెబ్‌సైటులో లైసెన్సు చూసి, ఆ ఫార్మసీకే ఫోన్ చెయ్యండి. ఈ ఫోన్ చాదస్తం కాదు, లేని ఫార్మసీల పేర్లతో, ఉన్న ఫార్మసీల పేర్లు దొంగిలించి కూడా లేబుళ్లు వచ్చాయని ఎఫ్‌డీఏ చెప్పింది. ముడిమందు సెమాగ్లూటైడేనా, లేక సెమాగ్లూటైడ్ సోడియం, అసిటేట్ లాంటి లవణమా అని కూడా అడగాలి. ఆ లవణాలు వేరే పదార్థాలు, అనుమతి పొందిన మందులో ఉండేవి కావు.

‘రీసెర్చ్ కోసం మాత్రమే, మనుషులకు కాదు’ అని రాసి పొడిగా అమ్మే సీసాలు ఈ లెక్కలోకే రావు. వాటికి డాక్టరూ లేడు, ఫార్మసీ లేదు. నీళ్లు ఎన్ని కలపాలో రీల్స్ చూసి నేర్చుకునే మందు అది. అలా అమ్మే రెటాట్రూటైడ్ అనే ఇంకో బరువు తగ్గే మందుకైతే అసలు ఎక్కడా అనుమతే రాలేదు.

డబ్బు లెక్కలోనూ ఓ తిరకాసు ఉంది. ప్రకటనలో కనబడే ధర మొదటి నెలది, అంటే అన్నిటికంటే చిన్న మోతాదుది. మోతాదుతో పాటు ధర పెరుగుతుంది. సభ్యత్వం వేరే, మూడు నెలల డబ్బు కార్డు నుంచి ఒకేసారి లాగడం వేరే. ఒకసారి ఫార్మసీ నుంచి బయల్దేరిన మందుని సాధారణంగా వెనక్కి తీసుకోరు, కాబట్టి ఆపాలనుకుంటే చీటీ ఫార్మసీకి వెళ్లకముందే ఆపాలి. నెలకు 1,300 డాలర్లు దాటి ఉన్న వెగోవీ చొక్కా చింపుకునే ధర అన్నది నిజమే, అందుకే జనం ఇటు వచ్చారు. కానీ ఇన్సూరెన్సు లేనివాళ్లకు కంపెనీయే నేరుగా అమ్మే ధర 2025 మార్చిలో 499 డాలర్లయింది, నవంబరులో 349కి దిగింది. ఇప్పుడు ధర ఎంతుందో చూసి, కాంపౌండెడ్‌కి అయిదో నెలలో పడే మొత్తంతో పోల్చండి. కొందరికి తేడా అనుకున్నంత ఉండదు.

పార్శిల్ విషయంలో టెక్సాస్, అరిజోనా వాళ్లకు ఒక మాట. జూన్‌లో పార్శిల్ మధ్యాహ్నం గుమ్మం ముందు వదిలేసి వెళ్తే, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి ఐస్ ప్యాక్ నీళ్లయి వేడెక్కి ఉంటుంది. తెరవగానే చేత్తో ముట్టుకుని చూడండి, వెచ్చగా ఉంటే ఫొటో తీసి ఆ రోజే ఫార్మసీకి పంపి బదులు అడగండి. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వెనక గోడకి ఆనకుండా పెట్టాలి. గడ్డకడితే పారెయ్యాల్సిందే, కరిగాక వాడకూడదు. చాలాసార్లు గుచ్చే సీసాని మొదటిసారి గుచ్చిన తేదీ దాని మీద రాయండి. లేబుల్ వేరేగా చెప్పకపోతే 28 రోజులకు అది చెత్త, అడుగున మిగిలినా సరే.

ఎక్కువ పడిందని తెలిస్తే ఏం చెయ్యాలన్నది చాలామందికి తెలియదు. విరుగుడు మందు లేదు. సెమాగ్లూటైడ్ సగం తగ్గడానికే వారం పడుతుంది కాబట్టి ‘రేపటికి తగ్గుతుంది’ అని కూర్చోకూడదు. అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222, రాత్రీపగలూ పలుకుతారు, డబ్బు అడగరు. తర్వాతి వారం ఇంజెక్షన్ ఆపి డాక్టరుతో మాట్లాడాలి. ఓఆర్‌ఎస్ గానీ ఉప్పేసిన పలచటి మజ్జిగ గానీ గుక్కగుక్కగా నిలుస్తుంటే ఇంట్లో చూసుకోవచ్చు. నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం తగ్గిపోయినా, పొట్ట పైభాగంలో నొప్పి వీపులోకి పొడుస్తున్నా ఎమర్జెన్సీకే వెళ్లాలి, సీసా వెంట పట్టుకుని. అక్కడి డాక్టర్లు మొదట అడిగేది మిల్లీగ్రాములే.

పండక్కో పెళ్లికో ఇండియా వెళ్లి అయిదారు వారాలు ఆపేసినవాళ్లు తిరిగొచ్చాక పాత పెద్ద మోతాదుతో మొదలెట్టకూడదు. శరీరానికి అలవాటు పోయి ఉంటుంది. మళ్లీ కింది మెట్టు నుంచి ఎక్కాలేమో డాక్టర్ని అడగాలి.

అమ్మానాన్నల సంగతితో ముగిస్తాను. ఇక్కడి సీసాలు సూట్‌కేసులో పెట్టి పంపడం దయచేసి మానండి. మన దేశంలో టిర్జెపటైడ్ మౌంజారో పేరుతో 2025 మార్చి నుంచి, సెమాగ్లూటైడ్ వెగోవీ పేరుతో అదే ఏడాది జూన్ నుంచి చీటీ మీద దొరుకుతున్నాయి. మౌంజారో 2.5 మిల్లీగ్రాముల సీసా అప్పుడు 3,500 రూపాయలకు వచ్చింది. సెమాగ్లూటైడ్ పేటెంటు కూడా 2026 మార్చితో అక్కడ ముగిసింది కాబట్టి, డ్రగ్ కంట్రోలర్ అనుమతి ఉన్న జెనరిక్ అడగొచ్చు. అది నిజమైన జెనరిక్. ఒక్క మోతాదు సీసాని పొదుపు కోసం రెండు వారాలకు పంచుకోవద్దు, అందులో సూక్ష్మజీవుల్ని ఆపే మందు ఉండదు.

అన్నిటికంటే ముఖ్యం సిరంజి రంగు. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి ఇంకా వాడకంలో ఉన్నాయి, వాటి సిరంజికి ఎర్ర మూత. అమెరికా లెక్క నూరు యూనిట్ల సిరంజికి, దాని మూత నారింజ రంగు. కొడుకు ఫోన్లో ‘పది యూనిట్లు వెయ్యమ్మా’ అంటాడు. నాన్న షుగరుకి తెచ్చిన ఎర్ర మూత సిరంజి ఇంట్లో ఉంటుంది. అందులో పది లాగితే 0.10 మిల్లీలీటరు బదులు 0.25 వస్తుంది. కొడుకు చెప్పిన అంకె సరైనదే, అమ్మ లాగిన గీత కూడా సరైనదే, మందు మాత్రం రెండున్నర రెట్లు.

అందుకే మీ పత్రికకు రెండు విన్నపాలు. ఈ ఇంజెక్షన్ల గురించి ఆరోగ్యం పేజీలో రాసినప్పుడు మోతాదు ఎప్పుడూ మిల్లీగ్రాముల్లోనే వెయ్యండి, యూనిట్లు వెయ్యాల్సి వస్తే పక్కనే ఏ చిక్కదనం సీసా, ఏ సిరంజి అన్నది కూడా వెయ్యండి. కాంపౌండెడ్ మందుని ‘చవక జెనరిక్’ అని రాయకండి. ‘కాంపౌండింగ్ ఫార్మసీ కలిపిన మందు’ అంటే శీర్షికలో నాలుగు అక్షరాలు ఎక్కువ పడతాయేమో, సర్దుకోవచ్చు.

ఇట్లు,
ఒక తెలుగు ఫార్మసిస్టు
న్యూజెర్సీ